ఎఫ్ కార్డ్ దగ్గర ఆగిపోయాను, నాలాగా నేర్చుకుంటున్నవాళ్ళు చెప్పండి

పెరంబూరు ఫిట్టర్:

అందరికీ నమస్కారం. మాది గూడూరు. ఉద్యోగం రైల్వేలో ఫిట్టర్, కాపురం చెన్నై పెరంబూరులో. వయసు 47. ఈ వేసవిలో గిటార్ క్లాసులో చేరాను.

ఇది మాస్టార్లను అడిగే ప్రశ్న కాదు. మా మాస్టారు మంచాయన, ఓపికున్నాయన. కానీ ఆయన చిన్నప్పుడే గిటార్ పట్టారు. ఎఫ్ కార్డ్ (కార్డ్ అంటే కొన్ని తీగలు నొక్కి ఒకేసారి మోగించే స్వరాల గుంపు) ఎందుకు రాదో ఆయనకిప్పుడు గుర్తు లేదు. అడిగితే "ప్రాక్టీస్ మ్యాన్, ప్రాక్టీస్" అంటారు. అందుకే ఈ మధ్యనే ఆ గండం దాటినవాళ్ళు గానీ, ఇంకా దాని ముందే నిలబడి ఉన్నవాళ్ళు గానీ చెబితే బాగుంటుందని ఇక్కడ అడుగుతున్నా.

క్లాసు సంగతి కొంచెం చెప్తాను. మాస్టారు ఆంగ్లో ఇండియన్, రైల్వేలోనే పనిచేసి రిటైరయ్యారు. పెరంబూరులో రైల్వే పుణ్యమా అని వాళ్ళ కుటుంబాలు ఒకప్పుడు చాలా ఉండేవి, ఇప్పుడు చాలామంది వెళ్ళిపోయారు. ఇంటి ముందుగదిలో శని, ఆదివారాలు పాఠం. నేను తప్ప అందరూ స్కూలు పిల్లలే. నన్ను 'అంకుల్' అంటారు, నా తమిళం విని నవ్వుతారు, మంచి పిల్లలు. నాతోపాటే చేరిన ఒక అమ్మాయి ఇప్పుడు సి నుంచి ఎఫ్‌కి కిటికీలోంచి బయటికి చూస్తూ వెళ్ళొస్తుంది. నేనింకా వేలు ఎక్కడ పెట్టానో వంగి చూసుకుంటున్నా.

ఇప్పటికి నాకు వచ్చినవి ఇ మైనర్, ఎ మైనర్, సి, జి, డి. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 60లో పెడితే వీటి మధ్య బాగానే మారతాను. 80లో పెడితే జి దగ్గర తడబాటు. వేళ్ళ నొప్పి అన్నది నాకు లేదు. ఫైలు, స్పానరు పట్టిన చేయి కాబట్టి అక్కడ చర్మం ఏనాడో కాయగట్టింది. ఆ ఒక్క విషయంలో పిల్లల కంటే నేనే నయం, వాళ్ళు మొదట్లో వేళ్ళు ఊదుకుంటూ కూర్చునేవాళ్ళు.

అంతా ఎఫ్ దగ్గరే ఆగింది. చూపుడు వేలు మొదటి ఫ్రెట్‌లో (ఫ్రెట్ అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) అడ్డంగా వేసి ఆరు తీగలూ నొక్కాలి కదా. వేస్తే సన్నగా ఉండే ఒకటో తీగ, రెండో తీగ టప్ టప్ అంటాయి తప్ప మోగవు. ఇంకా గట్టిగా నొక్కితే బొటనవేలి కింద కండ పట్టేస్తుంది, పావుగంట దాకా వదలదు. బోల్టు బిగించడానికి ఇంత బలం పెట్టను నేను. పైగా నా వేళ్ళు లావు. డి పట్టుకున్నప్పుడు కూడా పక్క తీగకు తగులుతూ ఉంటాయి.

ఇంకోటి ఉంది, దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో తెలీదు. ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టి ఆరు తీగలూ జాగ్రత్తగా శ్రుతి చేస్తాను. ముల్లు సరిగ్గా మధ్యలో నిలుస్తుంది. అయినా సి కార్డ్ వాయిస్తే ఏదో తేడాగా, పుల్లగా వినిపిస్తుంది. మాస్టారి గిటార్ తీసుకుని అదే సి వాయిస్తే శుభ్రంగా ఉంటుంది. ఇది నా చెవి దోషమా, చేతి దోషమా?

ఇంట్లో అభ్యంతరం ఏమీ లేదు. నేను మొదలుపెడితే మా ఆవిడ వంటింటి తలుపు దగ్గరగా వేసుకుంటుంది, అంతే. మా అబ్బాయి మాత్రం "నాన్నా, యుకులెలే కొనుక్కో, నాలుగే తీగలు" అన్నాడు.

అడిగేది ఇదీ. లావు వేళ్ళవాళ్ళు ఎవరైనా ఎఫ్ పట్టారా? పడితే ఎలా? ఈ వయసులో రాదంటే అదైనా మొహమాటం లేకుండా చెప్పండి.


ఆరో తీగ:

అన్నా, నాకు 26 ఏళ్ళు, వేళ్ళు సన్నం. అయినా ఎఫ్ నాకు నెలల తరబడి రాలేదు. కాబట్టి వయసు, లావు రెండూ పక్కన పెట్టేయండి. నేను షోలింగనల్లూరులో పీజీలో ఉంటా, ఓఎమ్ఆర్ రోడ్డు మీద టెస్టింగ్ ఉద్యోగం. రాత్రి పది దాటితే పీజీ ఆంటీ వాయించనివ్వదు, ఆ ఉన్న కాస్త టైములోనే నేర్చుకున్నా.

నేనేం చేశానంటే, పూర్తి ఎఫ్‌ని కొన్నాళ్ళు వదిలేశా. దాని బదులు ఎఫ్ మేజర్ సెవెన్. నాలుగో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ రెండో ఫ్రెట్, రెండో తీగ ఒకటో ఫ్రెట్, ఒకటో తీగ ఖాళీ. లావు తీగలు రెండూ కొట్టకూడదు. సి పట్టుకుని ఉన్నారనుకోండి, చూపుడు వేలు కదపక్కర్లేదు, మిగతా రెండు వేళ్ళూ ఒక్కో తీగ కిందికి దిగితే వచ్చేసినట్టే. పాటలో ఎఫ్ ఉన్నచోట ఇది వేస్తే చాలాసార్లు ఎవరూ కనిపెట్టరు. అది కుదిరాక చూపుడు వేలితో ఒకటి, రెండు తీగలు కలిపి నొక్కే చిన్న ఎఫ్. ఆ తర్వాతే పెద్దది.

పెద్దది నేర్చుకునేటప్పుడు మొదటి ఫ్రెట్ దగ్గర కూర్చోకండి. అదే ఆకారం ఐదో ఫ్రెట్‌లో వేయండి, ఎ కార్డ్ అవుతుంది. అక్కడ తీగ తేలిగ్గా దిగుతుంది. అది మోగాక ఒక్కో ఫ్రెట్ వెనక్కి రండి. నాకు మూడో ఫ్రెట్ దాకా బాగానే వచ్చి, రెండు దగ్గర మళ్ళీ ఆగింది. ఫర్వాలేదు, ఆగనివ్వండి.

ఇంకో సంగతి మా క్లాసులో అమ్మాయి చూపించింది. చూపుడు వేలు అరచేతి వైపు మెత్తగా ఉంటుంది, కణుపు గీతల దగ్గర పల్లం ఉంటుంది. తీగ ఆ పల్లంలో పడితే ఎంత నొక్కినా మోగదు. వేలిని బొటనవేలి వైపుకు కొంచెం దొర్లించి, ఎముక గట్టిగా ఉన్న అంచుతో నొక్కండి. అసలు ఆ వేలు ఆరు తీగలూ నొక్కక్కర్లేదు అన్నా. మూడు, నాలుగు, ఐదు తీగల్ని మిగతా వేళ్ళు ఎలాగూ ముందు ఫ్రెట్లలో పట్టుకుంటాయి. చూపుడు వేలు చూసుకోవాల్సినవి ఆరు, రెండు, ఒకటి. అంతే.

కిటికీలోంచి చూస్తూ వాయించే ఆ అమ్మాయి పక్కనే కూర్చోండి. ఆమె కార్డ్‌లు వేస్తుంటే మీరు ప్రతి కార్డ్‌కీ ఒక్క లావు తీగ మాత్రం మీటండి. సి వస్తే ఐదో తీగ మూడో ఫ్రెట్, ఎఫ్ వస్తే ఆరో తీగ ఒకటో ఫ్రెట్. పాట ఆగదు, మీరు పాటలోనే ఉంటారు. నా పేరు 'ఆరో తీగ' అయింది అలాగే.


ముక్కుసూటి:

నేను వేరే మాట చెప్తా, కోపం తెచ్చుకోకండి. నాకు 52, ఉండేది అన్నానగర్. వయసు అడ్డం కాదని అందరూ అంటారు. అడ్డమే. కాకపోతే అది వేళ్ళ దగ్గర కాదు, టైము దగ్గర. మీకు షిఫ్టు ఉంది, ఇల్లుంది. పిల్లలకు సాయంత్రాలున్నాయి. గిటార్ సంచిలో పెట్టి బీరువా మీద పడేస్తే వారానికోసారి దింపుతారు. హాల్లో గోడకు మేకు కొట్టి తగిలించండి. కాఫీ కాగేలోపు నాలుగుసార్లు సి, జి మారండి. గంటసేపు కూర్చుని కండ పట్టించుకోవడం కంటే అది మేలు.

రెండోది, ఎఫ్ రాకపోతే కొంపేం మునగదు. ఎఫ్ శ్రుతిలో ఉన్న పాటకు మూడో ఫ్రెట్‌లో క్యాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు) పెట్టి డి, జి, ఎ వాయించండి. నేనిప్పటికీ అదే చేస్తా. రాదని కాదు, బద్ధకం.

మూడోది, యుకులెలే వద్దు. వేళ్ళు లావంటున్నారు, దాని మీద చోటు ఇంకా తక్కువ.


నంగనల్లూరు పిన్ని:

ఫిట్టర్ గారూ, మీ చెవికి ఏ దోషమూ లేదు. రెండు గిటార్ల మీద ఒకే కార్డ్ తేడా పట్టగలిగారంటే చెవి పనిచేస్తున్నట్టే లెక్క. మా మనవడు మూడు వారాలు వాయించి వదిలేసిన గిటార్ నా పాలిట పడింది. మాది తెనాలి, చిన్నప్పుడు వర్ణాల దాకా గాత్రం నేర్చుకున్నా, పెళ్ళయ్యాక వదిలేశా. ఇప్పుడు అరవై దాటాక ఇది.

మీకు కార్డ్‌లు పుస్తకంలో చుక్కల బొమ్మలు చూసి నేర్పి ఉంటారు. దాంతో చెవికి పని తక్కువ. నేను ఇంకో దారిన వెళ్ళాను, మీకు నచ్చుతుందేమో చూడండి. ఒక్క తీగ తీసుకోండి. ఖాళీ తీగ షడ్జమం అనుకోండి. పన్నెండో ఫ్రెట్ పై షడ్జమం. మధ్యలో ఉన్నవన్నీ మన పన్నెండు స్వరస్థానాలే, ఒక్కో ఫ్రెట్ ఒక్కో స్థానం. ఐదు శుద్ధ మధ్యమం, ఆరు ప్రతి మధ్యమం, ఏడు పంచమం. మాయామాళవగౌళ సరళీ వరుస కావాలా, ఖాళీ, 1, 4, 5, 7, 8, 11, 12. అంతే. శంకరాభరణం అయితే ఖాళీ, 2, 4, 5, 7, 9, 11, 12. వాళ్ళు మేజర్ స్కేల్ అని గొప్పగా చెప్పేది ఇదే. గిటార్ పిల్లలందరూ మొదట నేర్చుకునే మైనర్ పెంటటానిక్ ఉందే, అది మన శుద్ధ ధన్యాసి: ఖాళీ, 3, 5, 7, 10, 12. ఈ సంగతి తెలిశాక నాకు భయం పోయింది. పరాయి ఊరనుకుని దిగితే వీధులన్నీ తెలిసినవే.

రోజూ సరళీ వరుసలు ఒక్క తీగ మీద, నోటితో పాడుతూ వాయించండి. మీది ఏ శ్రుతి అయినా పర్వాలేదు. పాడితే అపస్వరం ఎక్కడుందో వెంటనే పట్టుబడుతుంది. 1 నుంచి 4కి వెళ్ళేటప్పుడు మొదట్లో చేయి జరుపుకోండి, తర్వాత చూపుడు వేలు, చిటికెన వేలు చాచి అందుకోండి. ఆ సాగుడు మీ ఎఫ్‌కి పనికొస్తుంది.

క్యాపో గురించి ఆయనెవరో చెప్పారు కదా, అది బద్ధకపు పరికరమేం కాదు. నాది ఐదున్నర శ్రుతి, అంటే జి షార్ప్. మొదటి ఫ్రెట్‌లో క్యాపో బిగించి జి ఆకారాలు వాయిస్తే నా గొంతుకు సరిగ్గా కూర్చుంటుంది. మగవాళ్ళు ఒకటి శ్రుతిలో పాడేవాళ్ళయితే క్యాపో లేకుండా సి.

ఫ్రెట్లున్న వాద్యం మీద గమకం పలకదని మా బావగారు వాదిస్తారు. పాలకొల్లులో పుట్టి, ఈ మద్రాసులో ఉండి, మాండలిన్ మీద కచేరీలు చేసిన యు. శ్రీనివాస్ గారిని ఆయన విన్నారో లేదో. ఆయన 2014లో పోయేనాటికి వయసు 45. తీగను పక్కకు లాగి, జార్చి, ఆ చిన్న వాద్యంలో ఆయన పలికించని గమకం ఏది? గిటార్ మీద కూడా ఆ దారి ఉంది. మీకూ నాకూ ఇప్పుడే కాదు లెండి.

మీ సి కార్డ్ పుల్లదనం గురించి ఒక్క మాట. తంబురాకు అలవాటుపడ్డ చెవికి గిటార్ అంతర గాంధారం (నాలుగో ఫ్రెట్‌లో పలికే గ) ఎప్పుడూ కాస్త పైనే ఉన్నట్టుంటుంది. ఫ్రెట్లను సమాన భాగాల లెక్కన కట్టడం వల్ల అది సహజంగా పలికే స్థానం కంటే కొంచెం ఎక్కువలో పడుతుంది. కానీ అది ప్రతి గిటార్‌లోనూ ఉంటుంది. మీ మాస్టారి దాంట్లో బాగుండి మీ దాంట్లోనే బాగులేదంటే సంగతి వేరే ఉంది. అది నాకు అంతుబట్టలేదు, తెలిసినవాళ్ళు చెప్పాలి.


గిండీ హాస్టల్:

సార్, నేను చెప్తాను. మాది ఒంగోలు, ఇక్కడ గిండీలో మెకానికల్ చదువుతున్నా. మా హాస్టల్ వింగ్‌లో గిటార్లు బాగుచేసేది నేనే. బాగా వాయించేది మాత్రం వేరేవాళ్ళు.

మీకు ఎఫ్ రాకపోవడం, సి పుల్లగా ఉండడం, రెండూ ఒకటే జబ్బు అనిపిస్తోంది. మెడ చివర, తీగలు చీలికల్లోంచి దిగే తెల్ల ముక్క ఉంది కదా, దాన్ని నట్ అంటారు. చవక గిటార్లలో దాని చీలికలు తగినంత లోతుగా కోయకుండానే అమ్మేస్తారు. అప్పుడు మొదటి ఫ్రెట్ దగ్గర తీగ బాగా ఎత్తులో ఉంటుంది. నొక్కడానికి ఎక్కువ బలం కావాలి, అందులోనూ నట్‌ను ఆనుకుని ఉన్న మొదటి ఫ్రెట్‌లో మరీ ఎక్కువ. ఎఫ్ ఉండేది అక్కడే. ఆరో తీగ అక్క చెప్పినట్టు ఐదో ఫ్రెట్‌లో తేలిక కావడానికి కారణం కూడా నట్ నుంచి దూరంగా ఉండడమే.

ఇప్పుడు సి సంగతి. ఎత్తులో ఉన్న తీగను కిందికి నొక్కితే అది సాగుతుంది, సాగితే శ్రుతి పెరుగుతుంది. ఖాళీ తీగలు ట్యూనర్ చెప్పినట్టే ఉంటాయి, నొక్కినవి మాత్రం పైకి పోతాయి. సి కార్డ్‌లో మూడు నొక్కినవి, రెండు ఖాళీవి కలిసి మోగుతాయి. రెండు రకాల శ్రుతులు కలిస్తే పుల్లగా ఉండక ఏమవుతుంది?

మీ దగ్గర ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలచని రేకులు) ఉండే ఉంటుంది. కొలిచి చెప్పండి, తీగలన్నీ శ్రుతిలో ఉండగానే.

మొదట మెడ వంపు. ఆరో తీగను ఒకటో ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, పద్నాలుగో ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కితే తీగే స్కేలు అవుతుంది. ఏడో ఫ్రెట్ పైన సందు ఎంతుందో చూడాలి, 0.2 నుంచి 0.3 మి.మీ. ఉంటే చాలు. తర్వాత నట్. ప్రతి తీగనూ మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, ఒకటో ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందు చూడండి. కాగితం దూరేంత ఉంటే బాగున్నట్టు. చివరగా పన్నెండో ఫ్రెట్ పైన ఏమీ నొక్కకుండా ఎత్తు. ఆరో తీగ సుమారు 2.5, ఒకటో తీగ సుమారు 2 ఉంటే హాయిగా ఉంటుంది.

ఒంటిచేత్తో కొలవడం కష్టం, ఇంట్లో ఎవరినైనా పట్టుకోమనండి. ట్యూనర్‌తో కూడా ఒక పరీక్ష ఉంది. ఆరో తీగ ఖాళీగా సరిచేసి, ఒకటో ఫ్రెట్ మామూలుగా నొక్కి మీటండి. ముల్లు బాగా కుడికి పోయిందంటే నట్ సంగతి తేలిపోయినట్టే.


పెరంబూరు ఫిట్టర్:

అందరికీ చాలా థాంక్స్. ఇంత రాస్తారనుకోలేదు. పిన్ని గారూ, ఒక్క తీగ మీద మాయామాళవగౌళ వాయించి చూపిస్తే మా ఆవిడ వంటింట్లోంచి బయటికి వచ్చింది. చిన్నప్పుడు స్కూల్లో నేర్చుకుందట, నాకిన్నేళ్ళూ చెప్పలేదు.

తమ్ముడూ, నువ్వు చెప్పిన పద్ధతి నాకు బాగా నచ్చింది, తీగనే స్కేలుగా వాడుకోవడం. కొలతలు ఇవీ. మా అబ్బాయి నొక్కి పట్టుకున్నాడు, నేను గేజ్ దూర్చాను. మెడ వంపు 0.50. నట్ దగ్గర మూడో ఫ్రెట్ నొక్కితే ఒకటో ఫ్రెట్ మీద ఆరో తీగకు 0.55, రెండో తీగకు 0.45. పన్నెండో ఫ్రెట్ ఎత్తు ఆరో తీగకు 3.7, ఒకటో తీగకు 3.0. ట్యూనర్‌లో ఒకటో ఫ్రెట్ 20 సెంట్లు (సెంటు అంటే ఒక ఫ్రెట్ తేడాలో నూరో వంతు) దాటి పైకి చూపిస్తోంది. పనిలో పని, మైక్రోమీటర్ కూడా తెచ్చి ఒకటో తీగ మందం చూశాను, 0.30 మి.మీ. ఉంది.

కొన్నచోట "కొత్తలో బిగువుగానే ఉంటుంది సార్, అలవాటైపోతుంది" అన్నారు. వర్క్‌షాపులో ఇలా సందు వదిలేసి 'అలవాటైపోతుంది' అంటే మా ఇంజనీరు ఊరుకునేవాడు కాదు.

ఇప్పుడు ఏం చేయాలో వరుసగా చెప్పు. ట్రస్ రాడ్ (మెడ లోపల ఉండి వంపు సరిచేసే కడ్డీ) తిప్పే అలెన్ కీ గిటార్‌తోపాటే ఇచ్చారు. ఫైళ్ళు నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి.


గిండీ హాస్టల్:

సార్, ఆ ఫైళ్ళ మాట వినగానే టెన్షన్ వచ్చింది. నట్ మీద మాత్రం వాటిని పెట్టకండి. ఒక్కో తీగకు ఒక్కో మందం ఫైలు ఉంటుంది, చీలిక అడుగు గుండ్రంగా రావాలి, మెడకు అవతలి వైపు వాలుగా ఉండాలి. పిసరంత ఎక్కువ దిగితే ఖాళీ తీగ ఫ్రెట్‌కు తగిలి జరజరమంటుంది, అప్పుడు ముక్కే మార్చాలి. దాన్ని రిపేరు చేసేవాళ్ళకు ఇవ్వండి, అరగంట పని.

వరుస ఇదీ. ముందు ట్రస్ రాడ్. కుడికి తిప్పితే మెడ నిటారవుతుంది. ఒకసారికి పావు తిప్పుడు మించవద్దు, తిప్పాక మళ్ళీ శ్రుతి చేసి కొలవండి. బిగుసుకుపోయినట్టుంటే బలవంతం చేయకండి, మీ చేతి బలం నాకు తెలుసు. తర్వాత నట్ పని చేయించండి. సాడిల్ (గిటార్ పొట్ట మీద తీగలు ఆనే సన్న ముక్క) ఆఖర్న, ఎందుకంటే మొదటి రెండూ సరిచేస్తే పన్నెండో ఫ్రెట్ ఎత్తు దానంతటదే కొంచెం దిగుతుంది.

సాడిల్ మీరే చేసుకోవచ్చు. బయటికి లాగి, అడుగు వైపు మాత్రమే అరగదీయాలి, పైన గుండ్రం ముట్టుకోవద్దు. లెక్క గుర్తుంచుకోండి: పన్నెండో ఫ్రెట్ తీగకు సగంలో ఉంటుంది కాబట్టి అక్కడ 0.5 తగ్గాలంటే సాడిల్ 1 మి.మీ. తగ్గాలి. అడుగు చదునుగా ఉండాలి, లేకపోతే శబ్దం చస్తుంది.

మీరు కొలిచిన 0.30 అంటే 12 గేజ్ తీగలు (తీగల గేజ్ అంటే మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). 10 సెట్ వేయండి, మొదటిది 0.25 ఉంటుంది. శబ్దం కాస్త పలచనవుతుంది, వేళ్ళకు మాత్రం చాలా తేలిక. గేజ్ మారితే లాగుడు తగ్గి మెడ వంపు మారుతుంది, అందుకే తీగలు ముందు మార్చి తర్వాత ట్రస్ రాడ్ చూడండి.

ఇంకోటి, ఇది చెన్నై. గాలిలో తేమకు పై చెక్క ఉబ్బి, బ్రిడ్జ్ (సాడిల్ కూర్చునే చెక్క) లేచి, తీగల ఎత్తు పెరుగుతుంది. వానలు మొదలయ్యాక ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి కొలుచుకోండి. బాల్కనీ గోడకు తగిలించవద్దు. వాయించాక తీగలు పొడిగుడ్డతో తుడవకపోతే మన ఊళ్ళో తుప్పు పట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు.


ముక్కుసూటి:

కుర్రాడు బాగా చెప్పాడు. నేను గోడకు తగిలించమన్నది హాల్లోనే, బాల్కనీలో కాదు, గమనించగలరు.

తీగలు ఎక్కడైనా దొరుకుతాయి. మౌంట్ రోడ్డు వైపు వెళ్తే మ్యూసీ మ్యూజికల్‌లో అడగండి. 1842 నుంచి ఉన్న కొట్టు, వాళ్ళకు పది గేజ్ అంటే ఏమిటో వివరించక్కర్లేదు.


పెరంబూరు ఫిట్టర్:

పని అయింది. రాయడం ఆలస్యమైంది, మధ్యలో నైట్ షిఫ్టులు పడ్డాయి.

పది గేజ్ తీగలు మౌంట్ రోడ్డులోనే తెచ్చాను. ట్రస్ రాడ్ తమ్ముడు చెప్పినట్టే కొంచెం కొంచెంగా తిప్పి 0.25కి తెచ్చాను. నట్ మాత్రం నమ్మకమైన మనిషికి ఇచ్చాను. పురసవాక్కం సందులో వీణలు, గిటార్లు బాగుచేసే పెద్దాయన, మా మాస్టారే పంపించారు. నేను గేజ్ తీసి కొలతలు చెబితే ఆయన నా వైపు అదోలా చూశారు. ఆయన కొలిచింది గేజ్‌తో కాదు. తీగను వేలితో ఒకసారి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, రెండుసార్లు ఫైలు లాగి, మళ్ళీ తట్టి చూశారు. ఇంటికొచ్చి నేను కొలిస్తే ఆరు తీగలకూ 0.10 లోపే ఉంది. ఆ చేతిపని చూడ్డానికైనా వెళ్ళాలి అక్కడికి.

సాడిల్ నేనే చేశాను. గాజు పలక మీద ఎమెరీ కాగితం అతికించి, అడుగున 1.4 తీశాను. ఇప్పుడు పన్నెండో ఫ్రెట్ దగ్గర 2.6, 2.1.

సి పుల్లదనం పోయింది. పూర్తిగా పోయింది. ఇన్నాళ్ళూ వాయించింది ఏమిటా అనిపించింది.

ఎఫ్ సంగతి చెప్పాలి. ఒక్క రాత్రిలో వచ్చిందని చెప్పను. మూడో ఫ్రెట్‌లో జి బారేగా (చూపుడు వేలు అడ్డంగా వేసే పట్టులో) మోగుతోంది, రెండో ఫ్రెట్‌లో కూడా. మొదటి ఫ్రెట్‌లో రెండో తీగ ఇంకా మొండికేస్తోంది, పదిసార్లలో నాలుగైదు సార్లు మోగుతుంది. వేలు దొర్లించి ఎముక అంచుతో నొక్కడం మాత్రం మంత్రంలా పనిచేసింది, ఆరో తీగ గారికి దండం. లావు వేళ్ళకు దీంట్లో ఒక లాభం కూడా ఉంది, ఎముక వెడల్పు కాబట్టి తీగ పల్లంలో పడటం తక్కువ. కండ పట్టేయడం లేదు. డి కార్డ్‌లో పక్క తీగకు తగలడం ఇంకా ఉంది, వేళ్ళు నిటారుగా దించమని మాస్టారు చెప్తున్నారు, చూడాలి.

క్లాసులో ఆ అమ్మాయి కార్డ్‌లు, నేను బేస్ తీగ, ఒక పాట ఆగకుండా చివరిదాకా వాయించాం. మాస్టారు కుర్చీ చేతిమీద తాళం వేశారు, 'ప్రాక్టీస్' అనలేదు. నా గిటార్ మారడం చూసి మిగతా పిల్లలు కూడా తమవి కొలవమన్నారు. ఆదివారం పాఠానికి ముందు అదే పని. రెండు గిటార్లు నాదాని కంటే ఘోరం. ఒకదాని నట్ దగ్గర 0.70. ఆ పిల్లవాడు చేయి నొప్పని మానేద్దామనుకుంటున్నాడట. వాళ్ళ నాన్నను పిలిచి కొలత చూపించాను.

పిన్ని గారూ, ఒక సందేహం. మా ఆవిడ శ్రుతి ఎంతో తెలుసుకోవడం ఎలా? ఆమె పాడతానంటోంది. జి పట్టుకుంటే కింద అందటం లేదు, క్యాపో ఎక్కడ పెట్టాలి?


నంగనల్లూరు పిన్ని:

అయ్యో, మంచి మాట. ఆమెను ఏ వాద్యమూ లేకుండా 'సా' పట్టుకోమనండి, బలవంతం లేకుండా, మామూలుగా మాట్లాడే గొంతుకు దగ్గరలో. కింద పంచమం, పైన పై పంచమం రెండూ అందే చోటే ఆమె శ్రుతి. అది ఏ స్వరమో మీ ట్యూనర్ చెప్తుంది. జి చూపిస్తే ఐదు, జి షార్ప్ అయితే ఐదున్నర, ఎ అయితే ఆరు. జిలో కింద అందలేదంటే ఆమెది కొంచెం పైనే ఉండాలి. క్యాపో మొదటి ఫ్రెట్‌లోనో రెండో ఫ్రెట్‌లోనో పెట్టి జి ఆకారాలే వాయించండి. రెండోది అయితే ఆరు శ్రుతి. చాన్నాళ్ళ తర్వాత పాడుతోంది కదా, మొదటివారం పై స్థాయి అడగకండి.


ఆరో తీగ:

అన్నా సూపర్. ఒక రిక్వెస్ట్. మా రూమ్మేట్‌ది కూడా మొదటి ఫ్రెట్ దగ్గర ఇలాగే రాయిలా ఉంటుంది. ఆదివారం రైలెక్కి పెరంబూరు తీసుకురమ్మంటారా? పాఠం చూసినట్టూ ఉంటుంది.


పెరంబూరు ఫిట్టర్:

తీసుకురామ్మా, పది గంటలకు ముందే వస్తే మంచిది. దారిలో తీగలు వదులు చేయకండి. వదులు చేస్తే మెడ వంపు మారిపోతుంది, కొలత తప్పు వస్తుంది. కొత్త తీగల సెట్టు ఉంటే అది కూడా సంచిలో వేసుకోండి.